పన్నెండు పొగగొట్టాల ఊరు

ఈ కార్యక్రమంలో ఊళ్ళ గురించి మాట్లాడేవాళ్ళు మామూలుగా తమ సొంత ఊరి గురించి చెబుతారు. నేను మాత్రం మనలో చాలామంది కార్లు పార్క్ చేసే ఒక ఊరి గురించి చెబుతాను. ఊరి పేరు హోమ్‌స్టెడ్. పిట్స్‌బర్గ్ నుంచి మనంగహేలా నది వెంబడి ఎగువకి ఏడెనిమిది మైళ్ళు వెళితే, నదికి దక్షిణపు ఒడ్డున ఉంటుంది. పెన్ హిల్స్‌లో మన వెంకటేశ్వరస్వామి గుడికి వచ్చినవాళ్ళు దర్శనం అయ్యాక సినిమాకో షాపింగుకో 'వాటర్‌ఫ్రంట్' అనే పెద్ద బజారుకి వెళ్తుంటారు కదా, అదే. ఆ పార్కింగ్ పక్కన ఎర్ర ఇటుకల పొగగొట్టాలు పన్నెండు వరసగా నిలబడి ఉంటాయి. పిల్లలు "అవేంటి?" అని అడుగుతారు, మనం "ఏదో పాత ఫ్యాక్టరీలే" అని లోపలికి నడుస్తాం. నేనూ ఏడేళ్ళపాటు అలాగే నడిచాను.

2023 వేసవిలో మా నాన్నగారు వచ్చారు. ఆయన విశాఖ ఉక్కు కర్మాగారంలో స్టీల్ మెల్ట్ షాపులో చేసి రిటైరయ్యారు. అమ్మకి ఏవో కొనాలని వాటర్‌ఫ్రంట్‌కి తీసుకెళ్ళాను. ఆయన కారు దిగి, కొట్లవైపు చూడకుండా తలెత్తి ఆ గొట్టాలకేసి చూస్తూ నిలబడిపోయారు.

"ఒరేయ్, ఇవి సోకింగ్ పిట్ల చిమ్నీలు కదరా! మన దగ్గర లేవు, మనది మొదట్నించీ కంటిన్యువస్ కాస్టింగే. భిలాయ్‌లో ట్రైనింగ్‌కి వెళ్ళినప్పుడు చూశాను. మరి ప్లాంటేదీ?"

"ప్లాంటు మీదే నిలబడ్డాం నాన్నా" అన్నాను. ఆ మాత్రం నాకు తెలుసు. కానీ ఆయన తర్వాత అడిగిన ప్రశ్నలకి వేటికీ నా దగ్గర జవాబు లేదు. ఎంతమంది చేసేవారు? ఎప్పుడు మూశారు? ఎందుకు మూశారు? వాళ్ళంతా ఏమయ్యారు? మీరు వింటున్నది ఆలస్యంగా దొరికిన ఆ జవాబులే.

సోకింగ్ పిట్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. పాత పద్ధతిలో కరిగిన ఉక్కుని అచ్చుల్లో పోసి దిమ్మలు చేసేవారు, వాటిని ఇంగాట్లు అంటారు. పైన గట్టిపడినా లోపల ఇంకా మెత్తగా ఉంటుంది. అలాంటి దిమ్మని రోలింగ్ మిల్లులోకి పంపితే పని చెడుతుంది. అందుకని నేలలో గొయ్యిలా కట్టిన కొలిమిలో కొన్ని గంటలు పెట్టి, లోపలా బయటా ఒకే వేడికి తెస్తారు. ఆ కొలిమిల పొగ వదిలిన గొట్టాలే ఇవి. కంటిన్యువస్ కాస్టింగ్‌లో ఈ మధ్య అంచె ఉండదు, కరిగిన ఉక్కు నేరుగా బిల్లెట్‌గానో స్లాబ్‌గానో అవుతుంది. ఈ చిన్న తేడా మళ్ళీ చివర్లో వస్తుంది, గుర్తుంచుకోండి.

1870ల దాకా ఇది పొలాల ఊరు. 1871లో ప్లాట్లు వేసి అమ్మారు, 1880లో బరో అయింది. బరో అంటే మన చిన్న మునిసిపాలిటీ లాంటిది అనుకోండి. మొదట గాజు ఫ్యాక్టరీ, వెంటనే ఒక ఉక్కు మిల్లు వచ్చాయి. ఆ మిల్లుని 1883లో ఆండ్రూ కార్నెగీ కొన్నాడు. స్కాట్లాండ్ నుంచి పేద నేతగాడి కొడుకుగా వచ్చిన మనిషి. కార్మికులకి సంఘం పెట్టుకునే హక్కు ఉందని, సమ్మె చేసినవాడి ఉద్యోగం ఇంకొకడు లాక్కోకూడదని 1886లో పత్రికల్లో వ్యాసాలు కూడా రాశాడు. హోమ్‌స్టెడ్ కార్మికులు ఆ మాటలు నమ్మారు.

1892 జూన్ 30తో అక్కడి యూనియన్ ఒప్పందం ముగుస్తుంది. జీతాలు ఉక్కు ధరతోపాటు పెరిగి తగ్గే పద్ధతి వాళ్ళది. ధర ఎంత పడిపోయినా జీతం ఇంతకంటే తగ్గకూడదని ఒక అడుగు గీత ఉండేది. అది టన్నుకి 25 డాలర్ల ధర. దాన్ని 22కి దించుతామని కంపెనీ అంది. ఇంకో షరతు కూడా పెట్టింది: ఇకమీదట ఒప్పందం జూన్‌లో కాకుండా డిసెంబరులో ముగియాలి. నాకు ఈ రెండోదే మొదటిదానికన్నా క్రూరంగా అనిపిస్తుంది. వేసవిలో అయితే పస్తులతో కొన్నాళ్ళు లాగొచ్చు. పెన్సిల్వేనియా చలిలో బొగ్గు కొనడానికి డబ్బుల్లేక, పిల్లలతో ఎన్నాళ్ళు సమ్మె చేస్తారు? కాగితం మీద అది తేదీ మార్పు మాత్రమే. కాంట్రాక్టులు చదవడం అలవాటున్న మనవాళ్ళకి ఇలాంటి తేదీల సంగతి విడమరచి చెప్పక్కర్లేదనుకుంటాను.

కార్నెగీ ఆ వేసవిలో స్కాట్లాండ్‌లో ఉన్నాడు. పని హెన్రీ క్లే ఫ్రిక్‌కి అప్పగించాడు. ఫ్రిక్ మిల్లు చుట్టూ ఎత్తైన చెక్క కంచె కట్టి, పైన ముళ్ళతీగ వేయించాడు. దానికి కార్మికులు పెట్టిన పేరు 'ఫోర్ట్ ఫ్రిక్', అంటే ఫ్రిక్ కోట. గడువు రాకముందే గేట్లకి తాళాలు పడ్డాయి. మిల్లులో దాదాపు 3,800 మంది పనిచేసేవారు. యూనియన్ నైపుణ్యం ఉన్న పనివాళ్ళది, అందులో సభ్యులు సుమారు 800 మందే. అయినా సభ్యులు కానివాళ్ళు, కొత్తగా వచ్చిన స్లోవాక్ కూలీలు కూడా వాళ్ళ పక్కనే నిలబడ్డారు.

జూలై 6 తెల్లవారుజామున 300 మంది పింకర్టన్ మనుషుల్ని, అంటే కిరాయి కాపలాదళాన్ని, రెండు పడవల్లో దాచి నదిమీద తీసుకొచ్చారు. ఊళ్ళోవాళ్ళకి ముందే కబురందింది. ఆడవాళ్ళూ పిల్లలతో సహా ఊరంతా ఒడ్డుకి పరిగెత్తింది. మొదట ఎవరు కాల్చారో ఇప్పటికీ తేలలేదు. ఉదయం నాలుగు గంటల నుంచి సాయంత్రం అయిదు దాకా కాల్పులు జరిగాయి. ఒడ్డు మీదినుంచి పాత ఫిరంగి పేల్చారు, డైనమైట్ విసిరారు, నదిలో నూనె పోసి అంటించాలని చూశారు. చివరికి పింకర్టన్లు లొంగిపోయారు. వాళ్ళని రెండు వరసల మధ్య నడిపిస్తూ జనం చితకబాదారు. అందులో ఆడవాళ్ళూ తక్కువ తినలేదని ఆనాటి పత్రికలు రాశాయి. ఆ రోజు ఏడుగురు కార్మికులు, ముగ్గురు పింకర్టన్లు చనిపోయారని సాధారణంగా చెబుతారు.

కార్మికులు గెలిచామనుకున్నారు. ఆరు రోజుల తర్వాత, జూలై 12న, గవర్నర్ పంపిన రాష్ట్ర సైన్యం దిగింది. దాదాపు 8,500 మంది. వాళ్ళ కాపలాలో కంపెనీ కొత్తవాళ్ళతో మిల్లు నడిపింది. జూలై 23న అలెగ్జాండర్ బెర్క్‌మన్ అనే అరాచకవాది పిట్స్‌బర్గ్ ఆఫీసులో ఫ్రిక్‌ని కాల్చి, పొడిచాడు. అతనికీ హోమ్‌స్టెడ్ యూనియన్‌కీ ఏ సంబంధం లేదు, కానీ జనంలో ఉన్న సానుభూతి పోయింది. ఫ్రిక్ బతికాడు. నవంబరు నెలలో సమ్మె ముగిసింది. ఆ తర్వాత యూనియన్ ఆ మిల్లులోకి మళ్ళీ అడుగుపెట్టడానికి 1937 దాకా పట్టింది. నలభై అయిదేళ్ళు! ఒక మనిషి పనిలో చేరి రిటైరయ్యేంత కాలం.

ఆ మధ్యకాలం గురించి నేను చదివినవాటిలో మార్గరెట్ బయింగ్టన్ అనే ఆవిడ పుస్తకం నన్ను బాగా పట్టుకుంది. 1910లో అచ్చయింది. ఆవిడ హోమ్‌స్టెడ్‌లో తొంభై కుటుంబాల ఇంటి పద్దులు రాసుకుంది. బియ్యం పప్పుల ఖర్చు రాసుకున్నట్టే, వాళ్ళ రొట్టె, మాంసం, అద్దె, బీమా, సారాయి ఖర్చులతో సహా. అప్పటికి మిల్లులో మామూలు పని రోజుకి పన్నెండు గంటలు. పగటి షిఫ్టు నుంచి రాత్రి షిఫ్టుకి మారే వారంలో ఏకధాటిగా ఇరవైనాలుగు గంటలు. మామూలు కూలీకి గంటకి పదహారున్నర సెంట్లు.

నది ఒడ్డున రైలుపట్టాలకీ మిల్లుకీ దగ్గరగా ఉండే పల్లపు వార్డులో స్లోవాకులు, రూసిన్లు, హంగేరియన్లు ఉండేవారు. ఒక వాకిలి చుట్టూ ఇళ్ళు, మధ్యలో అందరికీ కలిపి ఒక పంపు. రెండు గదుల ఇంట్లో భార్యాభర్తలూ పిల్లలూ కాక నలుగురైదుగురు బోర్డర్లు. పగలు పనికి వెళ్ళినవాడు లేచిన మంచంలో రాత్రి పని చేసి వచ్చినవాడు పడుకునేవాడు. పక్క చల్లారేది కాదు. ఇంటావిడ అందరికీ వండి, అందరి బట్టలూ ఉతికేది. ఇంట్లోకి రెండో జీతం తెచ్చేది ఆవిడే అని చెప్పాలి, జీతం పేరు లేకపోయినా.

నేను మొదట వచ్చినప్పుడు కన్సల్టింగ్ కంపెనీ గెస్ట్‌హౌస్‌లో రెండు పడకగదుల్లో తొమ్మిదిమందిమి ఉన్నాం. ఒకడు నైట్ సపోర్టు చేసేవాడు, వాడి పరుపు పగలు వాడిది, రాత్రి నాది. ఇది చదివినప్పుడు ఆ పరుపు గుర్తొచ్చింది. అయితే పోలిక అక్కడితో ఆగాలి. మాకు నిద్ర చాలకపోతే కళ్ళు మండేవి, వాళ్ళకి నిద్ర చాలకపోతే కరిగిన ఇనుము మీద పడేది. 1906 జూలై నుంచి 1907 జూన్ దాకా ఒక్క ఏడాదిలో ఈ ఆలిఘెనీ కౌంటీలో పనిచోట ప్రమాదాల్లో 526 మంది చనిపోయారు. అందులో 195 మంది ఉక్కు మిల్లుల వాళ్ళు. అప్పటికి నష్టపరిహార చట్టం లేదు, 1915లోగానీ రాలేదు.

మరి చనిపోయినవాడి భార్యాపిల్లల గతి? అందుకే వాళ్ళు సంఘాలు పెట్టుకున్నారు. 1890లో పిట్స్‌బర్గ్‌లో పుట్టిన నేషనల్ స్లోవాక్ సొసైటీ లాంటివి. నెలనెలా కొంత చందా కట్టేవారు, సభ్యుడు పోతే కుటుంబానికి కొంత మొత్తం అందేది, అంత్యక్రియలు జరిగేవి. మనవాళ్ళలో ఎవరికైనా ఏదైనా అయితే రాత్రికి రాత్రి వాట్సాప్‌లో విరాళాల లింకు తిరుగుతుంది చూడండి, అది ఈ పనే. వాళ్ళది మాత్రం ముందుచూపుతో రిజిస్టరు రాసి చేసిన ఏర్పాటు. ఈ విషయంలో వాళ్ళు మనకంటే నయం అనిపిస్తుంది నాకు.

ఇంకో సంగతి. ఆ వచ్చినవాళ్ళలో చాలామంది ఉండిపోవడానికి రాలేదు. నాలుగేళ్ళు చేసి, నాలుగు డబ్బులు కూడబెట్టి, ఊరెళ్ళి పొలం కొనుక్కుందామని వచ్చారు. కొందరు వెళ్ళారు కూడా. మిగతావాళ్ళు "ఇంకో ఏడాది" అనుకుంటూ చర్చిలు కట్టారు. పక్కనే మన్‌హాల్‌లో రూసిన్లు 1903లో కట్టుకున్న సెయింట్ జాన్స్ కేథడ్రల్ ఉంది. రెండు ఎత్తైన బురుజులతో, కూలీల చందాలతో కట్టింది అంటే నమ్మబుద్ధి కాదు. ఇప్పుడది వాళ్ళ సాంస్కృతిక కేంద్రం. ఈ "ఇంకో ఏడాది" మాట విని మీ ఇంట్లో ఎవరైనా నవ్వుతున్నారేమో నాకు తెలియదు. మా ఇంట్లో నవ్వారు.

ఇక లైబ్రరీ సంగతి. 1898లో కార్నెగీ మన్‌హాల్ గుట్టమీద ఈ ఊరికి ఒక గ్రంథాలయం కట్టించి ఇచ్చాడు. పుస్తకాలతోపాటు సంగీత మందిరం, ఈతకొలను కూడా ఉన్న పెద్ద భవనం. ఇప్పటికీ నడుస్తోంది. కాల్పులు జరిగి ఆరేళ్ళు అయింది, యూనియన్ పోయింది, పన్నెండు గంటల పని వచ్చింది, లైబ్రరీ వచ్చింది. పన్నెండు గంటలు చేసినవాడికి పుస్తకం చదివే ఓపిక ఎక్కడిదని కార్మికులు అడిగేవారట. కార్నెగీ లైబ్రరీల వల్ల లోకానికి మేలు జరగలేదని నేననను. కానీ ఆ మెట్లెక్కి నాలుగు రోజులు కూర్చున్నాక నాకు ఆ ప్రశ్న న్యాయమే అనిపించింది.

నేను అక్కడ ఎందుకు కూర్చున్నానో చెప్పాలి. నాన్నగారు వచ్చిన మూడోవారంలో నా ఉద్యోగం పోయింది. సోమవారం పొద్దున పదిహేను నిమిషాల మీటింగు, మధ్యాహ్నానికి ల్యాప్‌టాప్ లాగిన్ పనిచేయలేదు. హెచ్1బి మీద ఉన్నవాళ్ళకి ఆ తర్వాత అరవై రోజుల గడువని మీకు తెలుసు. ఇంట్లో మా ఆవిడకి చెప్పాను. నాన్నగారికి చెప్పలేదు. రోజూ ఎనిమిదింటికి బ్యాగు తగిలించుకుని ఆఫీసుకి వెళ్తున్నట్టు బయల్దేరి, ఎవరూ తెలిసినవాళ్ళు తగలని చోటు కదా అని మన్‌హాల్ లైబ్రరీకి వెళ్ళేవాణ్ణి. పొద్దున ఉద్యోగాల అప్లికేషన్లు, మధ్యాహ్నం ఈ ఊరి చరిత్ర. ఉక్కు మనుషులకి దొరకని తీరిక నాకు దొరికింది, వాళ్ళ లైబ్రరీలోనే.

పదకొండో రోజున నాన్నగారు "ఏరా, మీ ఆఫీసులో టిఫిన్ డబ్బా వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్ కూడా లేదా? చల్లారిన అన్నం వెనక్కి తెస్తున్నావు" అన్నారు. ఇక దాచలేకపోయాను. ఆయన ఏమీ అనలేదు. కాసేపాగి, "రేపు నన్నూ తీసుకెళ్ళు" అన్నారు.

మర్నాడు ఇద్దరం వెళ్ళాం. అక్కడ నేను చెప్పిందల్లా ఆయన విన్నారుగానీ, ఒక్కచోట మాత్రం ఆపి మళ్ళీ చెప్పించుకున్నారు. 1941లో, యుద్ధానికి ఉక్కు కావాలని మిల్లుని పెంచడానికి ఆ పల్లపు వార్డు మొత్తాన్ని పడగొట్టారు. దాదాపు 8,000 మందిని ఖాళీ చేయించారు. ఇళ్ళు, చర్చిలు, బడులు, సారా దుకాణాలు, అన్నీ పోయాయి. 1940లో 19,000 మంది ఉన్న బరోలో 1950 నాటికి పదివేల పైచిలుకు మిగిలారు. మూతపడటానికి ముందే, మిల్లు మంచి ఊపు మీద ఉన్నప్పుడే, ఊరు సగం అయిపోయిందన్నమాట.

మా అమ్మ పుట్టిన ఊరు ఇప్పుడు విశాఖ ప్లాంటు గోడ లోపల ఉంది. 'విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు' అని 1966లో ఉద్యమం జరిగింది, కాల్పుల్లో 32 మంది పోయారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. ప్లాంటు కోసం అరవైకి పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి. నిర్వాసితులకి ఆర్ కార్డులిచ్చి, ఉద్యోగాల్లో పెద్దపీట వేస్తామన్నారు. మా మామయ్య ఒకరికి వచ్చింది, ఇంకొకరికి కార్డు పట్టుకుని తిరగడంతోనే వయసు దాటిపోయింది. "వీళ్ళకి కార్డులైనా ఇచ్చారా?" అని అడిగారు నాన్నగారు. పరిహారం డబ్బులిచ్చారని చెప్పాను. ఆయన మాట్లాడకుండా కిటికీలోంచి కిందికి, నదివైపు చూశారు.

అన్నట్టు, ఈ ఊరి చరిత్రంతా ఏడుపే అనుకోకండి. మిల్లులో పనిచేసే నల్లజాతివాళ్ళు వారాంతాల్లో ఆడుకోవడానికి పెట్టుకున్న బేస్‌బాల్ జట్టు 'హోమ్‌స్టెడ్ గ్రేస్'. ఊరివాడే అయిన కంబర్లండ్ పోసీ దాన్ని నల్లజాతి లీగుల్లో గొప్ప జట్లలో ఒకటిగా తీర్చిదిద్దాడు. పెద్ద లీగులు అప్పట్లో వాళ్ళని రానిచ్చేవి కావు. జాష్ గిబ్సన్ ఈ జట్టుకే ఆడాడు. పోసీ బాస్కెట్‌బాల్ కూడా గొప్పగా ఆడేవాడు. 2006లో బేస్‌బాల్, 2016లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లలో అతని పేరు చేర్చారు. వాటర్‌ఫ్రంట్‌కి మీరు దాటివచ్చే వంతెన పేరు 2002 నుంచి హోమ్‌స్టెడ్ గ్రేస్ బ్రిడ్జి.

నాకు బాగా నచ్చిన కథ 1933ది. రూజ్‌వెల్ట్ ప్రభుత్వంలో కార్మికశాఖ మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్, ఆ దేశపు మొదటి మహిళా మంత్రి, కార్మికుల మాట వినడానికి హోమ్‌స్టెడ్ వచ్చింది. లోపల సభ అయిపోయాక బయట ఇంకా జనం ఉన్నారని, వాళ్ళతోనూ మాట్లాడతానంది. ఊరి మేయరు, అక్కడ బర్జెస్ అంటారు, ఒప్పుకోలేదు. పక్కనున్న పార్కులోనూ కుదరదన్నాడు. ఆవిడ చుట్టూ చూసింది. ఎదురుగా పోస్టాఫీసు మీద జాతీయ జెండా కనపడింది. పోస్టాఫీసు కేంద్రప్రభుత్వానిది, అక్కడ బర్జెస్ మాట చెల్లదు! జనాన్నంతా అక్కడికి తీసుకెళ్ళి మీటింగు పెట్టింది. ఇది చెబితే నాన్నగారు ఆ లైబ్రరీలో గట్టిగా నవ్వారు, ఒకావిడ తలెత్తి చూసింది కూడా.

యుద్ధకాలంలో ఈ మిల్లులో 15,000 మంది పనిచేశారు. యుద్ధనౌకల కవచాలు, ఆకాశహర్మ్యాల దూలాలు ఇక్కడే తయారయ్యాయి. ఎంపైర్ స్టేట్ బిల్డింగులో ఈ ఊరి ఉక్కు ఉంది. యూనియన్ వచ్చాక జీతాలు పెరిగాయి, స్లోవాక్ కూలీ మనవడు కాలేజీకి వెళ్ళాడు. 'ఎయిత్ అవెన్యూ' సంతరోజు మన పూర్ణా మార్కెట్‌లా కిటకిటలాడేదట.

మరి ఎందుకు మూశారు? జపాన్ ఉక్కు వచ్చి ముంచిందని కొందరు, యూనియన్ జీతాలు ముంచాయని కొందరు అంటారు. నాన్నగారి జవాబు ఆ పొగగొట్టాల్లోనే ఉంది. 1950ల తర్వాత ప్రపంచమంతా ఆక్సిజన్ కన్వర్టర్లకీ కంటిన్యువస్ కాస్టింగుకీ మారుతుంటే, హోమ్‌స్టెడ్ చివరిదాకా ఓపెన్ హార్త్ కొలిమిలతో, ఇంగాట్లతో నడిచింది. కన్వర్టర్‌లో ముప్పావుగంటలో అయ్యే ఉక్కుకి ఓపెన్ హార్త్‌లో ఆరేడు గంటలు పడుతుంది. "మిషన్లు మార్చకపోతే మనుషుల్ని మార్చి ఏం లాభం?" అన్నారాయన. డబ్బు లేక మార్చలేదా అంటే, అదే యు.ఎస్. స్టీల్ 1982లో ఆరు వందల కోట్ల డాలర్లకి పైగా పెట్టి మారథాన్ ఆయిల్ కంపెనీని కొన్నది. ఈ లోయలో పాతవాళ్ళు నిన్న జరిగినట్టు చెప్పుకునే సంగతి అది. నది అవతల కారీ ఫర్నేసులు 1982లో ఆరిపోయాయి. 1986 జూలైలో హోమ్‌స్టెడ్ మిల్లు మూతపడింది.

తర్వాత స్థలం అమ్మారు, పడగొట్టారు, తుక్కు చేశారు. 1999లో వాటర్‌ఫ్రంట్ తెరిచారు. 2000 జనాభా లెక్కల్లో హోమ్‌స్టెడ్‌లో ఉన్నది 3,569 మంది. 1920లో 20,452. ఇప్పుడు మూడువేలకి లోపే. బజారుకీ పాత ఊరికీ మధ్య రైలుపట్టాలున్నాయి. సరుకు రైళ్ళు వచ్చి గేటు పడితే కార్లు ఆగుతాయి. జనం వచ్చి, కొనుక్కుని, అదే వంతెనమీదుగా వెళ్ళిపోతారు. పట్టాలు దాటి ఎయిత్ అవెన్యూకి వచ్చేవాళ్ళు తక్కువ. అక్కడే బాస్ట్ బిల్డింగ్ ఉంది, 1892లో యూనియన్ కార్యాలయం. ఇప్పుడది మ్యూజియం. ఆ వీధిలో మూతపడ్డ కొట్లు ఇంకా ఉన్నాయి, మధ్యమధ్య కొత్త కాఫీ హోటళ్ళూ వస్తున్నాయి. అసలు కంపెనీ యు.ఎస్. స్టీల్ 2025లో జపాన్‌కి చెందిన నిప్పాన్ స్టీల్ చేతికి వెళ్ళింది. నది ఎగువన బ్రాడక్‌లో 1875లో కార్నెగీ మొదలుపెట్టిన ఎడ్గార్ థామ్సన్ మిల్లు మాత్రం పొగ వదులుతూనే ఉంది.

నాకు నలభై ఏడో రోజున ఇంకో ఉద్యోగం దొరికింది, జీతం కొంచెం తక్కువే. ఈలోగా నాన్నగారు ఒక సంగతి బయటపెట్టారు. విశాఖ ప్లాంటుని ప్రైవేటుకి అమ్ముతామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించాక, కూర్మన్నపాలెం దీక్షా శిబిరంలో రిటైరైనవాళ్ళు కూడా వంతులవారీగా కూర్చున్నారు. ఆయనా కూర్చున్నారట, నేను ఫోనులో కంగారు పడతానని చెప్పలేదు. ఇద్దరం ఒకరి దగ్గర ఒకరం దాచుకున్నది దాదాపు ఒకటే. 2025 జనవరిలో ప్లాంటుకి 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించారు. "చూద్దాం" అంటున్నారు ఆయన. ప్లాంటు గురించి అంతకంటే మాట్లాడరు.

ఈసారి వాటర్‌ఫ్రంట్‌కి వెళితే మన్‌హాల్ వైపు చివరకంటా నడవండి. నది ఒడ్డున ఇటుకల భవనం ఒకటి ఉంటుంది, పంప్ హౌస్. 1892లో పడవలు వచ్చి ఆగింది అక్కడే. పిల్లల్ని తీసుకెళ్ళండి, కథ చెప్పడానికి ఇప్పుడు మీ దగ్గర కావలసినంత ఉంది.

తిరుగు ప్రయాణానికి ముందురోజు నాన్నగారు పన్నెండు పొగగొట్టాలూ ఒకే ఫోటోలో పడేలా తీయమని, చాలా దూరం వెనక్కి నడిపించారు. దాన్ని తన బ్యాచ్ మిత్రుల గ్రూపులో పెట్టారు. తెల్లారేసరికి ముప్ఫై జవాబులు వచ్చాయి. చిమ్నీలు సోకింగ్ పిట్లవని సగం మంది గుర్తుపట్టారు. మిగతా సగం అడిగింది ఒకటే: "బానే ఉంది గానీ, ప్లాంటేదీ?"